సైన్యం వాడిన 9 ఎం.ఎం. పిస్టల్ తూటా తొడుగులో కొత్త ప్రైమర్ ఎందుకు పట్టదు?

ప్రైమర్ అంటే తూటా అడుగున ఉండి, దెబ్బ తగలగానే పేలి లోపలి మందును అంటించే చిన్న లోహపు గిన్నె. పేలిన తొడుగును మళ్లీ వాడాలంటే అందులో కొత్త ప్రైమర్ అమర్చాలి. సైనిక తూటాల్లో ప్రైమర్ కదలకుండా దాని చుట్టూ ఉన్న ఇత్తడి అంచును లోపలికి నొక్కి బిగిస్తారు. పాత ప్రైమర్ ఊడదీశాక కూడా ఆ అంచు మిగిలిపోయి కొత్తదానికి అడ్డుపడుతుంది.

ఒకే 9 ఎం.ఎం. తూటాను సైనికులు పిస్టల్లోనూ, స్టెర్లింగ్ కార్బైన్ వంటి ఆటోమేటిక్ ఆయుధాల్లోనూ వాడతారు. వరుసగా పేలుతున్నప్పుడు ఒక్క ప్రైమర్ ఊడి యంత్రాంగంలో పడినా ఆయుధం మొరాయిస్తుంది. యుద్ధంలో అది ప్రాణాంతకం. అందుకే ఈ బిగింపు.

ఉదాహరణకు, అడుగున వృత్తంలో శిలువ ఆకారపు నాటో ముద్ర ఉన్న తొడుగును చూడండి. ప్రైమర్ గుంట చుట్టూ సన్నని వలయం కనిపిస్తే అది బిగించినదే. ఆ అంచును పనిముట్టుతో వెనక్కి నొక్కుతారు, లేదా కొద్దిగా చెక్కేస్తారు. చెక్కడంలో అతి పనికిరాదు; గుంట వదులైతే ఆ తొడుగు ఇక పారేయవలసిందే.

బెంగళూరు షూటింగ్ క్లబ్బుల్లోని మనవాళ్లు విదేశీ వీడియోలు చూసి ఈ సందేహం అడుగుతుంటారు. మన దేశంలో 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరమని దయచేసి గుర్తుంచుకోండి.

ప్రైమర్ పెద్దదైందని, ఇంకాస్త గట్టిగా నొక్కితే దిగుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ప్రైమర్‌లో ఒత్తిడికి, దెబ్బకు పేలే మందు ఉంటుంది. బలవంతం చేస్తే నలిగిపోతుంది, చేతిలోనే పేలనూవచ్చు.