టర్బో బండికి ఇంటర్‌కూలర్ తప్పనిసరా?

ప్రశ్న: మాది నర్సంపేట. పాత టర్బో లారీ ఉంది, ఇంటర్‌కూలర్ కంపెనీ నుంచే రాలేదు. ఎండాకాలం మిర్చి లోడుతో ఎనుమాముల మార్కెట్‌కు పోతుంటే ఎత్తు మీద లాగదు, నల్లపొగ వస్తుంది. ఇంటర్‌కూలర్ వేయిస్తే బాగైతదా?

జవాబు: టర్బో నొక్కి పంపే గాలిని ఇంజన్‌లోకి పోయేముందు చల్లబరిచేదే ఇంటర్‌కూలర్. అది తప్పనిసరి కాదు. తక్కువ బూస్టుతో (టర్బో గాలిని నొక్కి పంపే అదనపు ప్రెషర్) నడిచే టర్బో ఇంజన్లు అది లేకుండానే లక్షల కిలోమీటర్లు తిరుగుతాయి. అవసరం ఎంతన్నది బూస్టును బట్టి ఉంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, వేడెక్కితే పలచబడుతుంది. 40 డిగ్రీల గాలిని ఒక బార్ (దాదాపు మామూలు గాలి పీడనమంత) బూస్టుకు నొక్కితే, టర్బో సామర్థ్యం 70 శాతం అనుకున్నా, దాదాపు 138 డిగ్రీలవుతుంది. మంచి ఇంటర్‌కూలర్ దాన్ని 70 దగ్గరికి దించుతుంది. అప్పుడు అదే ప్రెషర్‌లో సిలిండర్లోకి ఐదో వంతు ఎక్కువ గాలి పోతుంది. అర బార్ బూస్టే ఉంటే లాభం పదో వంతు దాటి కొంచెమే.

అయితే గాలి పెరిగినంత మాత్రాన బలం పెద్దగా రాదు, డీజిల్ అంతే పడుతుంది కదా. పొగ తగ్గుతుంది, సైలెన్సర్ వేడి తగ్గుతుంది, అంతే. లాగుడు కోసం డీజిల్ పంపు సీలు తెంపి డీజిల్ పెంచడం మాత్రం వద్దు. పిస్టన్లు, ఎగ్జాస్ట్ వాల్వులు, టర్బో మూడూ దానికే పోతాయి. పైగా ఇంటర్‌కూలర్‌ను రేడియేటర్ ముందు బిగిస్తే రేడియేటర్‌కు వేడిగాలి తగిలి, మన 43 డిగ్రీల ఎండకు నీళ్లు మరిగే ప్రమాదం ఉంది.

ముందు ఎయిర్ ఫిల్టర్ మార్చండి. టర్బో నుంచి మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) దాకా హోస్‌లు, క్లాంపులు చూడండి. జాయింటు దగ్గర నూనె మరక, ఎక్కుడులో ఈల చప్పుడు ఉంటే బూస్టు అక్కడే పోతున్నట్టు. మీరు చెప్పిన నల్లపొగకు ఎక్కువసార్లు కారణం ఇదే.

ప్రశ్న: ఇంటర్‌కూలర్ పగిలింది. మెకానిక్ తీసేసి పైపు నేరుగా కలిపాడు. నడపొచ్చా? (జనగామ)

జవాబు: ఖాళీ బండిని సగం యాక్సిలరేటర్‌తో షెడ్డు దాకా తేవచ్చు, లోడుతో వద్దు. ఆ ఇంజన్‌కు డీజిల్ కొలత చల్లగాలిని లెక్కబెట్టి పెట్టిందే. వేడిగాలితో నడిపితే పిస్టన్ మీద భారం పడుతుంది. సెన్సర్ల బండి అయితే వేడిని చూసి తనంతట తానే బలం తగ్గించుకుంటుంది.

రిపేర్ చేయించాక ఇలా పరీక్షించండి. ఇంటర్‌కూలర్ రెండు మూతుల్లో ఒకదాన్ని ప్లగ్గుతో మూసి క్లాంపు వేయాలి, రెండోదాంట్లోంచి గాలి ఒక బార్ మించకుండా నింపి నీళ్ల తొట్టిలో ముంచాలి. బుడగలు వస్తే లీకు ఉన్నట్టే. ప్రెషర్ ఎక్కువైతే ప్లగ్గు ఎగిరి తగులుతుంది, ఎదురుగా నిలబడొద్దు.

లోపల పలచగా నూనె పూత ఉంటే భయం లేదు, అది బ్రీదర్ (ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి పంపే పైపు) ఆవిరిది. గ్లాసుడు నూనె కారితే మాత్రం టర్బో సీలు పోయినట్టే. ఆ నూనెను ఇంజన్ పీల్చుకుంటే తాళం తీసినా ఆగదు, అందుకే కడిగి, పూర్తిగా ఆరబెట్టాకే బిగించండి. బయటి రెక్కల్లో పత్తి దూది, వరి పొట్టు ఇరుక్కుంటే రెండు బార్లలోపు గాలితో ఇంజన్ వైపు నుంచి బయటికి ఊదాలి. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది.