చీము పట్టిన పంటికి రూట్ కెనాల్ ఒకే సిట్టింగ్‌లో అవుతుందా?

ప్రశ్న: కింది దవడ పన్నుకు చీము పట్టింది. మాత్రలతో నొప్పి పోయింది. రూట్ కెనాల్ ఇంకా అవసరమా? చిత్తూరు నుంచి తిరుపతికి పదేపదే రాలేను, ఒక్కసారిలో అయిపోతుందా?

అవసరమేనండి. పంటి లోపలి గుజ్జు చచ్చిపోయాక అక్కడికి రక్తం పోదు, యాంటీబయాటిక్కూ చేరదు. చుట్టూ వాపు తగ్గుతుందంతే, కొన్నాళ్లకు మళ్లీ లేస్తుంది.

వాపు లేకుండా, వేళ్లలోని కాలువలు (గుజ్జు ఉండే సన్నని గొట్టాలు) పొడిగా ఆరితే ఒకే సిట్టింగ్‌లో ముగించొచ్చు. చీము ఊరుతూనే ఉంటే క్రిములను చంపే కాల్షియం హైడ్రాక్సైడ్ పేస్టు పెట్టి, తాత్కాలిక సిమెంటుతో మూసి, వారం పది రోజులకు రమ్మంటారు. బస్సు ఛార్జీ చూసుకుని ఆ రెండో రాక ఎగ్గొట్టకండి.

అసలు పనంతా శుభ్రం చేయడంలోనే ఉంది. కింది పెద్ద దవడ పన్నుకు సాధారణంగా 3 కాలువలు, కొందరికి 4. ఒకటి తప్పిపోయినా ఇన్ఫెక్షన్ అక్కడే మిగులుతుంది. కాలువను గీకి శుభ్రం చేసే సన్నని సూదిలాంటి ఫైలు, వేరు కొసకు 0.5–1 మిల్లీమీటరు ముందే ఆగాలి, అందుకే అపెక్స్ లొకేటర్ (వేరు కొస ఎక్కడుందో చూపే యంత్రం), ఎక్స్‌రే రెండూ వాడతారు. క్రిములను చంపే సోడియం హైపోక్లోరైట్ ద్రవంతో కడిగి, ఆరబెట్టి, గట్టాపెర్చా అనే రబ్బరులాంటి పదార్థం నింపుతారు. రబ్బర్ డ్యామ్ (పన్ను చుట్టూ బిగించే పలుచని రబ్బరు తెర) వేస్తారా అని ముందే అడగండి. అది లేకపోతే ఉమ్ము లోపలికి దిగుతుంది.

చీమున్న చోట మత్తు సూది సరిగా పట్టకపోవచ్చు, నొప్పి తెలిస్తే చెయ్యెత్తండి. తర్వాత రెండు మూడు రోజులు కొరికితే నొప్పి మామూలే. క్యాప్ మాత్రం నెలలోపు వేయించుకోండి. లేకపోతే పన్ను చీలే ప్రమాదముంది, నిలువునా చీలితే ఇక పీకడమే.

ఈలోగా జ్వరంతో వాపు మెడకు దిగినా, నోరు తెరుచుకోకపోయినా, మింగలేకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే దగ్గరి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.