స్ట్రోక్ తర్వాత మాట పోయిన నాన్నతో ఇంట్లో ఎలా మాట్లాడాలి?

స్ట్రోక్ వచ్చాక నాన్నగారికి మాట రావట్లేదు, అఫేసియా (మెదడు దెబ్బతిని మాట, భాష దెబ్బతినడం) అన్నారు, స్పీచ్ థెరపీ కాకుండా ఇంట్లో మేం ఏం చేయొచ్చు అని అడిగారు. మా అన్నయ్యకూ ఇదే సమస్య, దగ్గరుండి చూసుకునేది నేనే, అందుకే రాస్తున్నాను.

ముందు ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పండి, పోయింది మాటే, తెలివి కాదు. 1861లో ఫ్రెంచ్ వైద్యుడు పాల్ బ్రోకా పరీక్షించిన రోగి దాదాపుగా 'టాన్' అనే ఒక్క శబ్దమే పలికేవాడు, అయినా ఎదుటివాళ్ళు చెప్పేది చాలావరకు అర్థమయ్యేది. కొందరికి అర్థం చేసుకోవడం కూడా కష్టమవుతుంది, వాళ్ళతో టీవీ ఆపేసి, చిన్న వాక్యాల్లో, ఒక్కో విషయమే మాట్లాడాలి. ఏ రకమైనా సరే, ఆయన ఎదురుగా కూర్చుని ఆయన గురించి పక్కవాళ్ళతో మాట్లాడకండి.

రెండోది, గ్లాసు చూపించి "ఇదేంటో చెప్పు" అని పరీక్షలు పెట్టకండి. అది థెరపిస్ట్ చేస్తే సరే, ఇంట్లో పొద్దస్తమానం అదే అయితే మనిషి నోరు తెరవడమే మానేస్తాడు. ఆయనకు నిజంగా చెప్పాలని ఉన్న విషయం పట్టుకోండి. అన్నయ్య ఏదో చెప్పబోయి ఆగిపోతే కాసేపు ఊరుకుంటాను, అప్పటికీ రాకపోతే నోటుబుక్కులో 'ఇల్లు, డబ్బు, మనుషులు' అని పెద్దక్షరాలతో రాసి ముందు పెడతాను. ఒకరోజు 'మనుషులు' మీద వేలు పెట్టాడు, నేను పేర్లు రాస్తుంటే పెదనాన్న పేరు దగ్గర ఆపి, పెన్ను లాక్కుని ఫోన్ బొమ్మ గీశాడు. ఆ ఫోన్ కోసం "నేనే. బాగున్నాను. నువ్వెలా ఉన్నావు?" అని రాసుకుని, అవే మాటలు రోజూ కలిసి అంటూ వచ్చాం, తర్వాత ఫోన్‌లో అన్నయ్యే మాట్లాడాడు! ఇలా అవసరమైన మాటలు ముందే సాధన చేయించడం థెరపిస్టులు వాడే పద్ధతే.

అవును అనబోయి కాదు అనేయడం మామూలే, అందుకే చివర్లో "అంటే ఫోన్ చేయాలి, అంతేనా?" అని అడిగి, అవునో కాదో బొటనవేలు పైకో కిందికో పెట్టి చూపించమనండి. పాటలు, అంకెలు, వారాల పేర్లు కొందరికి గడగడా వస్తాయి, అది చూసి "కావాలనే మాట్లాడట్లేదు" అనుకోవద్దు, అలవాటుగా వచ్చే మాటలు వేరు, అప్పటికప్పుడు కూర్చుకునే మాటలు వేరు. మొదటి కొన్ని నెలల్లో మార్పు తొందరగా కనిపిస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది, కానీ ఏళ్ళ తర్వాత కూడా మెరుగయ్యేవాళ్ళు ఉన్నారు, కాబట్టి ఇక ఇంతే అని ఎవరన్నా థెరపీ ఆపకండి. వీలైతే ఒక సెషన్‌లో మీరూ కూర్చుని, నాన్నగారు ముందుగా ఎవరితో మాట్లాడాలనుకుంటున్నారో థెరపిస్ట్‌కు చెప్పండి.