పదార్థాల గురించి రాయబోయే అమ్మాయికి

అమ్మాయీ,

తొమ్మిదో తరగతి పిల్లల కోసం నువ్వు రాసిన పదార్థాల వర్గీకరణ వ్యాసం చదివాను. తప్పులు పెద్దగా లేవు. కానీ మొదటి పేజీ నిండా నిర్వచనాలే: శుద్ధ పదార్థం, మిశ్రమం, మూలకం, సమ్మేళనం, ఆ కింద ఒక పట్టిక. ఆ పట్టిక వాళ్ల పాఠ్యపుస్తకంలో ఎలాగూ ఉంది. ఫలానా పదార్థం ఫలానా గడిలోకి వస్తుందని ఎలా తెలిసింది, ఏం చేసి చూశారు అన్నది మాత్రం వాళ్లకు దొరకదు. నువ్వు రాయాల్సింది అదే.

ఉప్పుతో మొదలుపెట్టు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. శ్రీకాకుళం జిల్లా నౌపడ లాంటి చోట ఉప్పు మడుల్లో నీరు ఎండుతూ పోతే అవన్నీ ఒకేసారి అడుగుకు దిగవు. ముందు జిప్సం దిగుతుంది, తర్వాత మన ఉప్పులో ముఖ్యభాగమైన సోడియం క్లోరైడ్ గళ్లు కడుతుంది, మెగ్నీషియం లవణాలు చివరిదాకా మిగిలిన చేదు నీటిలోనే ఉండిపోతాయి. ఆ నీటిని సమయానికి తీసెయ్యకపోతే మెగ్నీషియం క్లోరైడ్ గళ్లకు పట్టుకుంటుంది. అది గాలిలో తేమను లాక్కుంటుంది కాబట్టే వానాకాలంలో జాడీలోని కల్లుప్పు చెమ్మగిల్లుతుంది. అంటే కల్లుప్పు మిశ్రమం. ఎండబెట్టడంతోనే దాని భాగాలు విడివడుతున్నాయి. అందులోని సోడియం క్లోరైడ్‌ను మాత్రం ఎంత ఎండబెట్టినా, నీళ్లలో కరిగించి వడకట్టినా సోడియం, క్లోరిన్‌గా విడదీయలేం. అది సమ్మేళనం, విడదీయాలంటే 801 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగించి విద్యుత్తు పంపాలి. మిశ్రమానికీ సమ్మేళనానికీ తేడా ఈ ఒక్క పేరాలో వచ్చేస్తుంది.

మూలకం దగ్గర నువ్వు ‘ఇక విడగొట్టలేని పదార్థం’ అని రాసి ఆగిపోయావు. ఎవరు విడగొట్టలేనిది, ఏ సాధనంతో? 1789లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లవోయిజర్ వేసిన జాబితాలో 33 మూలకాలున్నాయి. వాటిలో కాంతి ఉంది, ఉష్ణం ఉంది, మన గోడలకు కొట్టే సున్నం కూడా ఉంది. ఆ రోజుల్లో సున్నాన్ని విడగొట్టే దారి ఎవరి దగ్గరా లేదు. 1808లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ విద్యుత్తుతో దానిలోంచి కాల్షియాన్ని రాబట్టాడు, సున్నం సమ్మేళనమని తేలింది. కాంతి, ఉష్ణం అసలు పదార్థాలే కావు. వాటికి ద్రవ్యరాశి లేదు, చోటు ఆక్రమించవు. ఈ సంగతి పిల్లలకు తప్పకుండా చెప్పు. పట్టికలోని గడులు పరీక్షలు మెరుగయ్యేకొద్దీ మారాయని వాళ్లకు తెలియాలి.

ఇనుము, గంధకం ప్రయోగాన్ని రెండు వాక్యాల్లో తేల్చేశావు. వ్యాసానికి గుండె అదే, విప్పి రాయి. సన్నటి ఇనుప పొడి 7 గ్రాములు, గంధకం పొడి 4 గ్రాములు. కలిపినంత మాత్రాన పసుపు, బూడిద రంగు రేణువులు భూతద్దంలో విడివిడిగానే కనిపిస్తాయి, అయస్కాంతం ఇనుమును లాగేస్తుంది. (అయస్కాంతానికి కాగితం చుట్టమని రాయి, లేకపోతే అంటుకున్న పొడిని వదిలించలేక అవస్థపడతారు.) వేడిచేస్తే ఒకచోట ఎర్రగా రాజుకుంటుంది, మంట తీసేసినా ఆ ఎరుపు పొడి అంతటా పాకుతుంది. చల్లారాక మిగిలే నల్లటి ముద్ద ఐరన్ సల్ఫైడ్. ఉత్త కలయికకు 7:4 అక్కర్లేదు, ఏ పాళ్లలోనైనా కలుపుకోవచ్చు. సమ్మేళనానికి ఆ పాళ్లు కావాలి.

తరగతిలో ప్రయోగం బెడిసేది ఇక్కడే. ముద్ద కూడా అయస్కాంతానికి అంటుకుంటుంది, పిల్లలు పుస్తకం తప్పనుకుంటారు. ఇనుప రజను ముతకగా ఉన్నా, ఇనుము ఎక్కువైనా, సరిగా కలపకపోయినా కొంత ఇనుము చర్య జరపకుండా మిగిలిపోతుంది. ఆ కారణం ముందే రాసిపెట్టు. సజల ఆమ్లం పోసే పరీక్ష గురించి రాస్తే, సల్ఫైడ్ నుంచి వచ్చే కుళ్లిన గుడ్ల వాసన వాయువు విషమని అదే వాక్యంలో చెప్పు. వేడిచేయడం, ఆమ్లం పోయడం రెండూ ఉపాధ్యాయులే చెయ్యాలి.

పాలు సజాతీయ మిశ్రమమని రాశావు, అది దిద్దు. కంటికి అంతటా ఒకేలా కనిపిస్తాయి గానీ పాలు కొల్లాయిడ్, అంటే కరగని అతి సన్నటి రేణువులు నీటిలో తేలుతుంటాయి. గ్లాసు నీటిలో ఒకటి రెండు చుక్కల పాలు వేసి, చీకటి గదిలో, చిన్న రంధ్రం చేసిన అట్టముక్క గుండా పక్క నుంచి టార్చి వెయ్యమను. ఆ రేణువులు వెలుగును చెదరగొడతాయి కాబట్టి దాని దారి తెల్లటి గీతలా కనిపిస్తుంది. పాలు ఎక్కువైతే గ్లాసంతా వెలిగి గీత కనబడదు. పక్కన పోల్చడానికి ఉప్పునీళ్లు వద్దు. కొన్ని ప్యాకెట్ ఉప్పుల్లో గడ్డకట్టకుండా కలిపే పొడి కరగక అక్కడా గీత చూపిస్తుంది. వడకట్టిన పంచదార నీళ్లు మేలు.

ఇంకొకటి. శుద్ధమైన నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుందని రాసిన చోట ‘సముద్రమట్టం దగ్గరి వాతావరణ పీడనంలో’ అని చేర్చు. హైదరాబాద్ ఐదు వందల మీటర్లకు పైన ఉంది, అక్కడ థర్మామీటరు 98 దగ్గరే ఆగుతుంది. ఆ పిల్లలు తమ నీళ్లలో లోపముందనుకోకూడదు. శుద్ధతకు గుర్తు అంకె ఒక్కటే కాదు, మరుగుతున్నంతసేపూ అది కదలకుండా ఉండటం. ఉప్పునీళ్లలో నీరు ఆవిరయ్యేకొద్దీ మరిగే ఉష్ణోగ్రత పైకి పోతూనే ఉంటుంది.

ఇత్తడి, గాలి, 22 క్యారెట్ల బంగారం గురించిన పేరాలు బాగున్నాయి, వాటి జోలికి పోకు. ముందు ఇనుము, గంధకం భాగం ఒక్కటి తిరగరాసి పంపు. అది చూశాక మిగతావి మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో.