పాఠకుల ప్రశ్నలు: దెబ్బకూ దెబ్బకూ నడుమ

ప్రశ్న: మిత్రుడు ఎంతో మెచ్చుకుంటే, 2017లో వచ్చిన బెల్ విచ్ బృందం ఆల్బమ్ ‘మిర్రర్ రీపర్’ వినడానికి కూర్చున్నాను. మొత్తం 83 నిమిషాలు, ఒకే ఒక్క పాట. పన్నెండు నిమిషాలు గడిచినా ఏమీ జరగడం లేదనిపించి ఆపేశాను. వేగంగా సాగే మెటల్ సంగీతం నాకు ఇష్టమే. మరి అతి నెమ్మదిగా, బరువుగా సాగే ఈ డూమ్ మెటల్‌లో వినవలసింది ఏమిటి? లోపం నాదా, సంగీతానిదా?

జవాబు: ఇద్దరిదీ కాదు. వేగానికి అలవాటుపడిన చెవి ఒక స్వరం వినగానే తరువాతి స్వరం కోసం ఎదురుచూస్తుంది. డూమ్ మెటల్‌లో వినవలసినదంతా ఆ రెండు స్వరాల నడుమనే ఉంటుంది. ఒక చిన్న లెక్క చూడండి. నిమిషానికి 180 దెబ్బల వేగంతో నడిచే పాటలో నాలుగు దెబ్బల ఆవర్తం ఒకటింబావు సెకనుకు కాస్త అటుగా ముగిసిపోతుంది. నిమిషానికి 40 దెబ్బల నడకలో అదే ఆవర్తానికి ఆరు సెకన్లు పడుతుంది.

ఆ ఆరు సెకన్లలో జరిగేది తక్కువేమీ కాదు. తీగను మీటిన క్షణాన మొదట దెబ్బ తగులుతుంది. యాంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి నడిపిస్తారు కనుక అది శబ్దతరంగాల శిఖరాలను కత్తిరించివేస్తుంది. అందువల్ల తీగ కంపనం సన్నగిల్లుతున్నా బయటికి వచ్చే శబ్దం చాలాసేపటి వరకు తగ్గదు. ఆ తరువాత మూలస్వరం వెంట పలికే అనుస్వరాలు ఒక్కొక్కటిగా పైకి తేలి, ఒక్కొక్కటిగా రాలిపోతాయి. రెండు తీగల శ్రుతి వెంట్రుకవాసి తేడాగా ఉంటే శబ్దం అలలా లేస్తూ పడుతూ ఉంటుంది. మనం భౌతికశాస్త్రంలో విస్పందనాలని చదువుకున్నవి ఇవే. ఆ అల ఎన్నిసార్లు లేచిందో గమనిస్తూ ఉండగానే డ్రమ్ము మీద తరువాతి దెబ్బ పడుతుంది. నా మట్టుకు నాకు ఆ దెబ్బ కంటె, అది పడబోయే ముందు గదిలో నిలిచి ఉండే ఆ కాస్త శబ్దమే ఎక్కువ ప్రియం. మీరు ఆపేసిన ఆల్బమ్‌లో మామూలు గిటారు అసలు లేదు. మంద్రస్వరాలు పలికే బేస్ గిటారు, డ్రమ్స్, ఆర్గన్, గొంతులు, అంతే. ఉన్నవి అంత కొద్ది కాబట్టే ఒక్కొక్క స్వరం అరిగిపోయే తీరు అంత స్పష్టంగా వినిపిస్తుంది.

ఈ బరువు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే వినికిడి కొంత సులువవుతుంది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు చెందిన బ్లాక్ సబ్బాత్ బృందం తొలి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న విడుదలైంది. అందులోని మొదటి పాట వానతో, ఉరుములతో, గంట మోతతో మొదలై మూడే మూడు స్వరాల మీద నిలబడుతుంది. మన పరిభాషలో చెప్పాలంటే అవి షడ్జం, తారస్థాయి షడ్జం, ఆ రెంటికీ సరిగ్గా నడిమధ్యన ఉండే ప్రతి మధ్యమం. ఆ గిటారు వాయించిన టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో లోహపు రేకుల కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతివాటం కనుక ఆయన తీగలను నొక్కవలసింది ఆ వేళ్లతోనే. ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, పలుచని తీగలు కట్టాడు, 1971లో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ ఆల్బమ్ నాటికి కొన్ని పాటలలో తీగల బిగువు తగ్గించి శ్రుతిని మూడు అర్ధస్వరాలు కిందికి దించాడు. మామూలుగా 82 హెర్ట్జ్ దగ్గర పలికే గిటారు అడుగు తీగ ఆ శ్రుతిలో 69 దగ్గర పలుకుతుంది. గాయపడిన వేళ్లు నొప్పిని తట్టుకోవడానికి వెతుక్కున్న దారి ఒక సంగీత శాఖకే ఆధారశ్రుతి అయింది.

మీరు మొదటే అన్నిటికంటె పొడవైన మెట్టు ఎక్కబోయారు. ముందు స్వీడన్ బృందం క్యాండిల్‌మాస్ 1986లో తెచ్చిన ‘ఎపికస్ డూమికస్ మెటాలికస్’ వినండి. ఆరు పాటలు, ఎలుగెత్తి పాడే గొంతు, పట్టుకోవడానికి వరుసలు ఉన్నాయి. నెమ్మది చెవికి పట్టిన తరువాత ఆ 83 నిమిషాల పాట దగ్గరికి తిరిగి రండి.

ప్రశ్న: ఫోన్ స్పీకరులో ఈ సంగీతం గరగరలాగా వినిపిస్తోంది. శబ్దం బాగా పెంచితే తప్ప దీని బరువు తెలియదా?

జవాబు: పెంచడం వల్ల రాదు. బేస్ గిటారు మంద్రస్వరాలు 40 హెర్ట్జ్ దగ్గరా, శ్రుతి దించితే అంతకంటె కిందా ఉంటాయి. ఫోన్‌లోని చిన్న స్పీకరు అంత నెమ్మదైన కంపనానికి సరిపడా గాలిని కదిలించలేదు. మూలస్వరం పోయి పైన ఉండే గరగర మాత్రం మిగులుతుంది. చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు గానీ, కాస్త పెద్ద స్పీకర్లు గానీ కావాలి.

అయితే హెడ్‌ఫోన్లలో జాగ్రత్త అవసరం. పెద్దలు వారానికి 80 డెసిబెల్స్ వద్ద 40 గంటలు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 95 డెసిబెల్స్ వద్ద వారమంతటికీ దొరికేది గంటంబావు మాత్రమే, అంటే పైన చెప్పిన ఆల్బమ్ ఒక్కసారి వినేలోపే వారం వాటా అయిపోతుంది. ఈ సంగీతాన్ని వినవలసిందే ఆరిపోయే స్వరాల కోసం కాబట్టి, వాటిని పట్టుకోగల చెవిని పాడుచేసుకోకండి.

ప్రశ్న: ఇంత శోకం నిండిన సంగీతాన్ని గంటకు పైగా వింటే మనసు కుంగిపోదా?

జవాబు: మనసు ముందే బాగా కుంగి ఉన్నవారికి నేను దీన్ని సూచించను, వారు తమవారితోనూ వైద్యులతోనూ మాట్లాడడం ముందు జరగాలి. మామూలు దుఃఖంలో ఉన్నవారికి మాత్రం ఇది తోడుగా నిలుస్తుందని నా అనుభవం. తొందరగా తేరుకోమని ఇది చెప్పదు, దుఃఖం నడిచే వేగంతోనే తానూ నడుస్తుంది.

మొదటి ప్రశ్న అడిగిన పాఠకులకు కూడా ఇక్కడ ఒక మాట చెప్పాలి. బెల్ విచ్‌లో అంతకుముందు డ్రమ్స్ వాయించి పాడిన ఏడ్రియన్ గెర్రా 2016లో మరణించాడు. మునుపటి ఆల్బమ్ కోసం ఆయన పాడగా వాడకుండా మిగిలిపోయిన గొంతును సహచరులు ఈ పాట మధ్యభాగంలో చేర్చారు. పన్నెండో నిమిషంలో ఆపేసినవారికి ఆ గొంతు ఇంకా వినబడలేదు.