బీరువా తలుపు వాడే తియ్యాలి

విజయనగరం,
ఆదివారం సాయంత్రం

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వు చెప్పిందే మనసులో తిరుగుతోంది. బుజ్జిగాడి పుట్టినరోజుకి నార్నియా అనే మాయలోకం కథల ఏడు ఇంగ్లీషు పుస్తకాల పెట్టె కొన్నావు. వాడు మొదటి పుస్తకం ఇరవై పేజీలు తిరగేసి సోఫా మీద బోర్లించి పోయాడు. "వీడికి పుస్తకాలు పట్టవేమో పెద్దమ్మా" అన్నావు. ఆ మాట నాకు నచ్చలేదు. ఫోన్లో తేలే సంగతి కాదని కాగితం తీశాను.

ముందు నీ సంగతి గుర్తు చేస్తాను. 2001 వేసవి సెలవులు. అయ్యకోనేరు దగ్గర మేమున్న ఇంట్లో మేడ మీద అద్దెకున్నవాళ్ళు బదిలీ మీద వెళ్ళిపోయారు. గది కడుగుదామని నిన్ను తీసుకుని పైకి వెళ్ళాను. కిటికీ పక్క గూట్లో అట్ట ఊడిన లావుపాటి పుస్తకం ఒకటి, దాని మీద ఎండిపోయిన బల్లి గుడ్డు పెంకులు. హ్యారీ పోటర్ మూడో భాగం. నీకప్పుడు పదకొండేళ్ళు. పెంకులు ఊదేసి, తడి ఆరని నేల మీదే గోడకి ఆనుకుని కూర్చున్నావు. అన్నానికి పిలిస్తే "ఉండు" అన్నావు. మళ్ళీ పిలిస్తే పలకలేదు. మొదటి రెండు భాగాలూ నువ్వు చదవలేదు, ఆ పిల్లాడెవరో, వాడికి అమ్మా నాన్నా ఎందుకు లేరో నీకు తెలీదు. సగం సగం అర్థమైన ఇంగ్లీషుతోనే నాలుగు రోజుల్లో పూర్తి చేశావు. అయ్యాక వచ్చి నువ్వు అడిగిన మాట నాకిప్పటికీ గుర్తే: "దీని ముందువి ఎక్కడ దొరుకుతాయి?" గంటస్తంభం దగ్గర షాపులో అడిగితే లేవన్నారు. మీ పెదనాన్న విశాఖపట్నం వెళ్ళినప్పుడు వెతికి తెచ్చారు.

ఆ నాలుగు రోజుల్లో నేను చేసిందల్లా నిన్ను ఏమీ అడక్కపోవడం. ఎంతవరకూ వచ్చిందని గానీ, అర్థమవుతోందా అని గానీ అడగలేదు. నీ కంచం మీద మూత పెట్టి ఊరుకున్నాను. నిన్ను ఆ పుస్తకంలో కూర్చోబెట్టింది నేను కాదు. అది నీకు దొరికింది. ఇలాంటి పుస్తకాలు అలా దొరకాలి తప్ప ఎవరో ఇస్తే అంటుకోవు.

ముప్ఫై మూడేళ్ళు బళ్ళో తెలుగు చెప్పాను కదా, పుస్తకాలంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఎవరు కనిపించినా ఒకటే అడిగేదాన్ని: మొదటిది నీ చేతికి ఎలా వచ్చింది? "మా నాన్న చదవమన్నాడు" అన్నవాళ్ళు దాదాపు లేరు. నాతో పనిచేసిన సైన్సు మాస్టారొకాయన చెప్పింది విను. ఆయనది పాలకొండ వైపు పల్లెటూరు. సంతలో కొన్న వేయించిన శనగల పొట్లం చందమామ కాగితం. శనగలు అయిపోయాక విప్పి చూస్తే, ఒక వైపు కొండ అంచున కత్తి దూసిన కుర్రాడు, వెనక మాంత్రికుడు. కాగితం చివర "ఇంకా వుంది" అని. ఆ కుర్రాడు కొండ మీంచి పడ్డాడా లేదా అని ఆయనకి ఏడాది పాటు బెంగ. అణా పొట్లం కాగితం ఆయన్ని జీవితాంతం పుస్తకాల వెంట తిప్పింది. చిత్ర గారు గీసిన ఆ బొమ్మ తను ఇప్పటికీ గీయగలనని చెప్పేవాడు.

ఇంకొకటి ఈ మధ్యదే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది కదా. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మా తోడికోడలి పుట్టింటివాళ్ళ కొబ్బరి చెట్లన్నీ పడిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్లు చచ్చిపోయాయి. పెద్దవాళ్ళు తోటల్లో విరిగిన మొదళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తుంటే పిల్లల్ని పలకరించేవాడు లేడు. ఆ ఇంటి పన్నెండేళ్ళ గుంటడు, ఇంట్లోకి నీళ్ళొచ్చి తడిసిన ట్రంకుపెట్టెలోంచి వాళ్ళ బాబాయి పాత పుస్తకాలు తీసి అరుగు మీద ఎండబెట్టాడు. ఒక్కో పేజీ అతుక్కుపోయి ఉంటే చింపకుండా విడదీస్తూ, విడదీసిన పేజీ విడదీసినట్టే చదివాడు. దీపం లేదు కాబట్టి పొద్దు ఉన్నంతసేపే చదువు. మర్నాటి పొద్దుటికోసం రాత్రంతా కాచుకునేవాణ్ణని నాతో చెప్పాడు. పెద్దలకి ఆ తుఫాను తలచుకుంటే కళ్ళనీళ్ళు. వాడికి ఆ కష్టం గుర్తే, దానితో పాటు ఆ పుస్తకమూ గుర్తే.

నాదీ చెబుతాను. తొమ్మిదేళ్ళప్పుడు బొబ్బిలిలో మా అమ్మమ్మగారింట్లో ఆటలమ్మ పోసి పడుకున్నాను. పిల్లలెవరూ దగ్గరికి రాకూడదు. వేపమండల పక్కన నేనొక్కదాన్నే. మా అన్నయ్య చందమామ సీరియల్ కాగితాలు నెలనెలా విప్పి, దాచి, బైండు చేయించిన పుస్తకం అటక మీద ఉంటే అమ్మమ్మ తీసి మంచం మీద పడేసింది, చదవమని కూడా అనలేదు. రాకాసిలోయ అది. ఆ బైండు వాసన నాకిప్పటికీ తెలుసు. పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలిపేవారు, అట్ట లోపలి అంచు నీలంగా ఉండేది. ఆ సీరియల్ రాసిందెవరో మాకు తెలీదు, పేరు వేసేవారు కాదు. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి వరసగా అవన్నీ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని తెలిసేసరికి నేను ఉద్యోగంలో చేరాను. మన రాత్రుళ్ళన్నిటినీ అలా నింపిన మనిషి పేరు అన్నేళ్ళు తెలియకపోవడం నాకు ఇప్పటికీ బాధే.

తప్పు కూడా చేశాను అమ్మలూ, దాచుకోను. నేను పనిచేసిన ఒక బళ్ళో, పిల్లలు లైబ్రరీ పీరియడులో ఏ పుస్తకం చదివినా సారాంశం రాసి చూపించాలని నియమం పెట్టాను. అదివరకు బల్ల కింద దాచుకుని మరీ చదివే ఒక పిల్ల నెల తిరిగేసరికి అన్నిటికంటే పల్చటి పుస్తకం ఏదా అని వెతకడం మొదలుపెట్టింది. నియమం తీసేశాను. ఆ పిల్ల మాత్రం లావు పుస్తకం వైపు మళ్ళీ రాలేదు. అందుకే నీకు గట్టిగా చెబుతున్నాను: చదివాక కథ చెప్పమనకు, కొత్త మాటలు నోట్సులో రాయమనకు, వీడియో తీసి గ్రూపులో పెట్టకు.

ఇప్పుడు చెయ్యాల్సింది. ఆ పెట్టె వాడి కళ్ళ ముందు నుంచి తీసెయ్. ఏడు పుస్తకాలు వరసగా నిలబడితే పిల్లాడి కంటికి అది సిలబస్‌లా ఉంటుంది. ఒక్కటి బయట ఉంచు. అది కూడా ఒకటో నంబరుది కాదు, రెండో నంబరుది.

ఎందుకో చెబుతాను. ఆ కథలు రాసిన సి. ఎస్. లూయిస్ ఆ ఏడూ 1950 నుంచి 1956 దాకా ఏడాదికొకటి చొప్పున అచ్చు వేయించాడు. మొట్టమొదట వచ్చింది బీరువా కథ. ఆ లోకం ఎలా పుట్టిందో చెప్పే పుస్తకం 1955లో, ఆరోదిగా వచ్చింది. ఇప్పటి సెట్లలో కథ జరిగిన కాలాన్ని బట్టి నంబర్లు వేస్తున్నారు కాబట్టి ఆ ఆరోది ఒకటోదై కూర్చుంది. మీవాడు ఆగిపోయింది దాని దగ్గరే. లోకం ఉందని తెలియకముందే అది పుట్టిన కథ చెబితే ఎవరికి కావాలి? ఈ తగువు పాతదే. 1957లో ఒక అమెరికా పిల్లాడు లూయిస్‌కి ఉత్తరం రాశాడు: నేను కాలక్రమంలో చదవాలంటున్నాను, మా అమ్మ అచ్చయిన క్రమంలో అంటోంది అని. లూయిస్ పిల్లాడి వైపే మొగ్గాడు, వరస అంత ముఖ్యం కాదేమో అని కూడా రాశాడు. ఆయన పుస్తకాలు ఆయనవే గానీ, ఈ ఒక్క విషయంలో నేను ఆ తల్లి పక్షం. కొత్త ఇంట్లో గదులన్నీ చూస్తూ ఒక పిల్ల బీరువాలోకి దూరుతుంది, బొచ్చు కోట్లు తోసుకుంటూ పోతుంటే కాలికింద మంచు తగులుతుంది, అడవి మధ్యలో ఒంటరిగా దీపస్తంభం. నార్నియాలోకి ఆ పిల్లతో పాటే వెళ్ళాలి. ఆ దీపం చదివినప్పుడల్లా నాకు మన విజయనగరం మూడు లాంతర్ల స్తంభం గుర్తొస్తుంది.

మొదటి అధ్యాయం నువ్వే చదివి వినిపించు. రాత్రి పడుకునే ముందు, పక్క మీద, లైటు ఒక్కటే వేసి. ఇంగ్లీషు ఒక వాక్యం, తెలుగు ఒక వాక్యం కలిపి చెప్పెయ్. గొడుగు పట్టుకున్న మేకకాళ్ళ మనిషి పొట్లాలు జారవిడిచే దాకా వచ్చి ఆపు. "నాకు నిద్రొస్తోంది" అని పుస్తకం వాడి తలగడ పక్కనే వదిలి వెళ్ళిపో. హ్యారీ పోటర్ మొదటి భాగం కూడా అలాగే బయటపడింది, తెలుసా? ప్రచురణ సంస్థ పెద్ద ఆ రాతప్రతిలో మొదటి అధ్యాయం ఎనిమిదేళ్ళ కూతురికిస్తే, ఆ పిల్ల చదివేసి మిగతాది ఏదీ అని వెంటపడింది. అదివరకు ఎన్నో చోట్ల తిప్పి పంపిన పుస్తకం 1997లో ఐదువందల గట్టి అట్ట ప్రతులతో మొదలైంది. మొత్తం ఇచ్చుంటే ఆ పిల్ల ఏమనేదో గానీ, ఇచ్చింది ఒక్క అధ్యాయమే.

వాడు మధ్యలో అడుగుతాడు, వాటికి మాత్రం జవాబు చెప్పు. మన శ్రీకాకుళం పిల్లాడికి మంచు అంటే ధనుర్మాసం పొద్దున్న గడ్డి మీద తడి. మోకాలి లోతు మంచు వాడి ఊహకి రాదు. ఫ్రిజ్ పై అరలో పేరుకున్నది గోకి అరచేతిలో పెట్టు, అది ఊరంతా పరిచినట్టు అనుకోమను. కథలో మంత్రగత్తె ఒక పిల్లాడికి పెట్టి వశం చేసుకున్న టర్కీ మిఠాయి ఏమిటంటాడు. పిండి, పంచదార పాకం పట్టి చేసే మెత్తటి ముక్క అది. మన మాడుగుల హల్వా తెప్పించి నోట్లో పెట్టు. గోధుమపాలతో చేసేది కాబట్టి ఆ సాగుడు కొంచెం దగ్గరగానే ఉంటుంది. దానికోసం అన్నదమ్ముల్ని అక్కచెల్లెళ్ళని అప్పగించేస్తారా అంటే, తిన్నాక వాడే ఆలోచించుకుంటాడు.

మీ అత్తగారు ఇంట్లో ఉన్నారు, ఆవిణ్ణి వదులుకోకు. బాలనాగమ్మ కథ ఆవిడ చెబితే నేనే నోరు తెరుచుకుని విన్నాను. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని విన్న పిల్లాడికి ఏ దేశపు మాంత్రికుడూ కొత్తవాడు కాడు. భాగాలు భాగాలుగా సాగే అద్భుత కథలు బయటినుంచి వచ్చాయనుకుంటారు ఈ కాలం పిల్లలు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలు! కాశీకి నడిచి వెళ్తూ ప్రతి మజిలీలోనూ మణిసిద్ధుడు తోడొచ్చిన గొల్లపిల్లాడికి ఒక కథ చెప్పాలి, లేకపోతే వాడు ముందుకి రాడు. ఆ భాష ఇప్పుడే వాడికి కొరుకుడు పడదు, నువ్వు చదువుకుని నోటితో చెప్పు.

సెలవు రోజున ఒకసారి కథానిలయానికి తీసుకెళ్ళు. మీ ఊళ్ళోనే ఉంది, నువ్వు వెళ్ళావో లేదో. కథకుడు కాళీపట్నం రామారావు గారు, మన కారా మాస్టారు, 1997లో ఆ ఇల్లు కథల కోసమే కట్టించారు. వాడికక్కడ చదవడానికి ఏదైనా దొరుకుతుందని కాదు. గది నిండా పాత పత్రికలు పేర్చి, ఒక ముసలాయన వీటికోసం ఊరూరా తిరిగాడని చూస్తే చాలు.

ఫోను లాక్కోవద్దు. లాక్కుంటే పుస్తకం శిక్ష అవుతుంది. సినిమా ముందు చూసేసినా కొంప మునగదు.

ఇవన్నీ చేశాక కూడా వాడికి నార్నియా పట్టకపోతే బాధపడకు. నీకు దొరికినట్టు వాడికి ఇంకెక్కడో ఇంకేదో దొరుకుతుంది. ఇంట్లో అందే ఎత్తులో నాలుగు రకాలు ఉండేలా చూసుకో, అంతే.

బుధవారం మీ పెదనాన్న శ్రీకాకుళం వస్తున్నారు. మా అన్నయ్య బైండు పుస్తకం పంపుతున్నాను. నా దగ్గర ఇన్నేళ్ళూ ఉంది, ఇక మీ ఇంట్లో ఉండనీ. వాడి చేతికివ్వకు. హాల్లో పాత పేపర్లు పెట్టే చోట, పైన కనపడేలా పడెయ్. ఒక సంగతి గుర్తుపెట్టుకో: చివరి నెల కాగితాలు అందులో లేవు. ఆ నెలలో మా నాన్నకి బదిలీ అయి సంచిక దొరకలేదు, అన్నయ్య ఉన్నంతవరకే బైండు చేయించాడు. నాకు ఆ ముగింపు పెద్దయ్యాక, పుస్తకంగా వచ్చినప్పుడు గానీ తెలియలేదు. వాడు అక్కడికొచ్చి తర్వాత ఏమైందని నిన్ను అడిగితే వెతికి పెట్టకు. పెద్దమ్మమ్మకి తెలుసని చెప్పి, ఫోను వాడి చేతికివ్వు.

మీ పెద్దమ్మ