ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్‌కు ముందు అఫెన్స్‌లకు ర్యాంకులు వేసేటప్పుడు ముందుగా ఎవరిని చూడాలి?

మీరు రెండు విషయాలు అడిగారు. ఆగస్టులో, ఒక్క అసలు ఆట కూడా జరగకముందే, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని 32 జట్ల అఫెన్స్‌లకు, అంటే బంతి తమ చేతిలో ఉన్నప్పుడు పాయింట్ల కోసం ఆడే ఆటగాళ్ళకు, వేసే ర్యాంకులను నమ్మవచ్చా అన్నది మొదటిది. నిరుడు ఎక్కువ పాయింట్లు చేసిన జట్టునే ఈ ఏడు కూడా పైన పెట్టడం సబబేనా అన్నది రెండవది. డాలస్ శివార్లలో చాలా ఏళ్ళుగా ఉంటూ, ఏటా ఆగస్టులో మిత్రులతో కూర్చొని ఇటువంటి జాబితా రాసుకొనే అలవాటు ఉన్నవాడిగా నా అభిప్రాయం చెబుతాను. ఈ జాబితాలు పనికిరానివి కావు, కానీ వాటిలో ఎక్కువ భాగం చూడవలసిన చోట చూడవు. బంతి విసిరేవాడినీ, పట్టేవాడినీ, పట్టుకొని పరిగెత్తేవాడినీ లెక్కపెట్టి అక్కడితో ఆగిపోతాయి. వాళ్ళ ముందు గోడలా నిలబడే ఐదుగురు, అంటే ఇద్దరు టాకిళ్ళు, ఇద్దరు గార్డులు, నడుమ సెంటర్, ఎక్కడో చివరి వాక్యంలో కనబడతారు.

ఈ సంగతి నాకు మా అబ్బాయి వల్ల తెలిసింది. వాడు హైస్కూలు జట్టులో మూడేళ్ళు లెఫ్ట్ గార్డుగా ఆడాడు. టెక్సస్ ఎండలకు భయపడి సాధన తెల్లవారుతూనే మొదలుపెట్టేవారు. అయినా తొమ్మిది గంటలయ్యేసరికి మైదానం పెనంలా కాలిపోయేది. నేను కంచె పక్కన మడత కుర్చీ వేసుకొని చూస్తూ ఉండేవాణ్ణి. స్లెడ్ అనే బరువైన ఇనుప బండికి ఐదుగురూ భుజాలు ఆనించి ఒక్కసారిగా నెట్టాలి. ఒకడు కాస్త ముందుగా కదిలినా అది వంకరగా తిరిగిపోయేది, కోచ్ మళ్ళీ మొదటి నుంచి చేయించేవాడు. బలం పెంచడానికి అలా చేయిస్తున్నారని నేను రెండు వారాలు అనుకున్నాను. ఐదుగురి కాళ్ళకు ఒకే లెక్క నేర్పడం కోసమని తరువాత అర్థమయింది.

అసలు కష్టం ఎదుటి జట్టు వేసే స్టంట్ అనే ఎత్తుగడ దగ్గర వస్తుంది. టాకిల్ ఎదుట ఉన్న డిఫెండర్ హఠాత్తుగా లోపలికి దూసుకువస్తాడు, గార్డు ఎదుట ఉన్నవాడు అతని వెనకగా చుట్టి బయటి వైపుకు వస్తాడు. అప్పుడు టాకిల్ తన మనిషిని గార్డుకు అప్పగించి, గార్డు వదిలిన మనిషిని తాను అందుకోవాలి. వీడు నీవాడా నావాడా అని ఇద్దరిలో ఒక్కడు తటపటాయించినా బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ నేల మీద ఉంటాడు. మా వాడు ఆడిన రెండో ఏడాది, పక్కన టాకిల్‌గా ఆడే కుర్రవాడి కుటుంబం వేరే ఊరికి వెళ్ళిపోయింది. కొత్తగా వచ్చినవాడు పాతవాడికంటే పొడగరి, బలవంతుడు. అయినా మొదటి మూడు ఆటల్లో ఆ ఇద్దరి మధ్య నుంచి డిఫెండర్లు అడ్డూ ఆపూ లేకుండా వచ్చిపడ్డారు. క్రికెట్ తెలిసినవారికి ఇది వికెట్ల మధ్య పరుగులాంటిదని చెబితే చాలు: ఇద్దరూ మంచి బ్యాటర్లే అయినా ఒకరి పిలుపు మరొకరికి అందకపోతే రనౌట్ తప్పదు. నాలుగో ఆట వచ్చేసరికి వాళ్ళకు పిలుపుతో కూడా పని లేకపోయింది. ఒకడి మోచెయ్యి మరొకడికి తగిలితే చాలు, అప్పగింత జరిగిపోయేది. ఆ మోచేతి స్పర్శకు ఏ ర్యాంకింగులోనూ అంకె ఉండదు.

ఇప్పుడు మీ రెండవ ప్రశ్నకు వస్తాను. 2023లో లీగ్ మొత్తం మీద ఎక్కువ పాయింట్లు చేసిన జట్టు మా డాలస్ కౌబాయ్స్: 17 ఆటల్లో 509. క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ 36 టచ్‌డౌన్ పాసులు (బంతిని అవతలి చివరి గీత దాటించే పాసులు) విసిరాడు. సీడీ ల్యాంబ్ 135 క్యాచ్‌లు పట్టి 1,749 గజాలు సాధించాడు. 2024 ఆగస్టులో ఆ ఇద్దరూ ఉన్నారు, ప్లేలు, అంటే ఒక్కొక్క ఎత్తుగడ, పిలిచే ప్రధాన కోచ్ మైక్ మెకార్తీ కూడా ఉన్నాడు. అందుకే నా జాబితాలో వాళ్ళను నాలుగో స్థానంలో పెట్టాను. కాగితం చూసిన మా అబ్బాయి, "టాకిల్, సెంటర్ ఇద్దరూ కొత్తవాళ్ళే కదా నాన్నా, ఎవరు ఎవరికి చెబుతారు?" అని అడిగాడు. లెఫ్ట్ టాకిల్ టైరన్ స్మిత్ న్యూయార్క్ జెట్స్‌కూ, సెంటర్ టైలర్ బియాడాజ్ వాషింగ్టన్‌కూ వెళ్ళిపోయారు. వాళ్ళ స్థానాల్లోకి వచ్చిన టైలర్ గైటన్, కూపర్ బీబీ ఇద్దరూ ఆ ఏడాదే లీగ్‌లో అడుగుపెట్టినవారు. పైగా గైటన్ కాలేజీలో ఎక్కువగా కుడి వైపు ఆడినవాడు, బీబీ గార్డుగా పేరు తెచ్చుకున్నవాడు. డిఫెన్స్ ఎలా నిలబడిందో చూసి లైన్‌కు సూచనలు ఇవ్వవలసిన సెంటరే ఆ స్థానానికి కొత్త అయితే, మిగతా నలుగురు ఎంత గట్టివారైనా ఆ తడబాటు వాళ్ళకూ పాకుతుంది.

ఆ ఏడాది కౌబాయ్స్ 350 పాయింట్లతో సరిపెట్టుకున్నారు. ప్రెస్కాట్‌కు తొడ కండరం దెబ్బతినడం వల్లనే అలా జరిగిందని చాలామంది అంటారు. కానీ అతను గాయపడింది ఎనిమిదో ఆటలో, నవంబరు 3న అట్లాంటాలో. ఆ ఎనిమిది ఆటల్లో జట్టు చేసినవి 171 పాయింట్లు, అంటే ఆటకు 21 పైచిలుకు; అంతకు ముందు ఏడాది సగటు దాదాపు 30. క్వార్టర్‌బ్యాక్ మైదానంలో ఉండగానే ఆటకు ఎనిమిది పాయింట్లకు పైగా తరిగిపోయాయి. పరుగులవీరుడు టోనీ పోలార్డ్ టెనెసీకి వెళ్ళిపోవడం, సీజన్‌కు ముందటి సాధన శిబిరం జరిగినన్నాళ్ళూ ల్యాంబ్ ఒప్పందం కోసం దూరంగా ఉండడం కూడా కారణాలేనని ఒప్పుకుంటాను. అయినా పెద్ద వాటా ముందు వరుసదేనని నా నమ్మకం.

ఆ 509 అంకెలో మరో మెలిక ఉంది, దాన్ని నేను 2024లో గమనించనే లేదు. జట్టు పాయింట్లన్నీ అఫెన్స్ పాయింట్లు కావు. 2023లో డిఫెన్స్‌లోని డరాన్ బ్లాండ్ ప్రత్యర్థి పాసులను ఐదుసార్లు అందుకొని టచ్‌డౌన్ దాకా పరిగెత్తాడు. ఒక సీజన్‌లో అన్నిసార్లు చేసినవారు అంతకుముందు లేరు. టచ్‌డౌన్‌కు ఆరు చొప్పున అవే 30 పాయింట్లు. కిక్కర్ బ్రాండన్ ఆబ్రీ 36 ఫీల్డ్ గోల్స్ కొట్టాడు, అంటే బంతిని కాలితో తన్ని గోలు స్తంభాల మధ్యకు పంపాడు. అంటే, ముందుకు వెళ్ళిన అఫెన్స్ గీత దాటలేక అన్నిసార్లు మూడు పాయింట్లతో తృప్తి పడింది. నిరుటి మొత్తాన్ని చూసి ర్యాంకు వేసేవారు ముందుగా ఈ రెండింటినీ విడదీసి చూడాలి.

ముందు వరుసే సర్వస్వమని నేను అనడం లేదు. అట్లాంటా ఫాల్కన్స్ 2016లో 540 పాయింట్లు చేసినప్పుడు అదే ఐదుగురు 16 ఆటలనూ కలిసి మొదలుపెట్టారు. ఇంతవరకు నా వాదానికి అనుకూలమే. కానీ మరుసటి ఏడాది మారింది ఒక్క గార్డు. క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ రయన్ ఉన్నాడు, పాసులు పట్టే హూలియో జోన్స్ ఉన్నాడు. పాయింట్లు మాత్రం 353కు పడిపోయాయి. సీజన్ చివరి ఫైనల్ అయిన సూపర్ బౌల్ ముగియగానే, ప్లేలు రాసే అఫెన్స్ కోఆర్డినేటర్ కైల్ షనహన్ శాన్ ఫ్రాన్సిస్కోకు ప్రధాన కోచ్‌గా వెళ్ళిపోయాడు. కాబట్టి లైన్ తరువాత నేను చూసేది ప్లేలు రాసేవాడు మారాడా లేదా అని. ఆటగాళ్ళ పేర్లు ఆ తరువాతే.

1999 సెయింట్ లూయిస్ రామ్స్‌ను చూపించి, ర్యాంకులన్నీ వ్యర్థమని వాదించేవారున్నారు. అంతకు ముందు ఏడాది 4 గెలిచి 12 ఓడిన జట్టు అది. ప్రీసీజన్ ఆటలో, అంటే సీజన్‌కు ముందు జరిగే సన్నాహక ఆటలో, క్వార్టర్‌బ్యాక్ ట్రెంట్ గ్రీన్ మోకాలు దెబ్బతింది. ఒకప్పుడు కిరాణా దుకాణంలో అరలు సర్దిన కర్ట్ వార్నర్ వచ్చి, 526 పాయింట్లు చేయించి, సూపర్ బౌల్ గెలిపించాడు. వార్నర్‌ను ఎవరూ ముందుగా ఊహించలేరు, నిజమే. కానీ ఎడమ టాకిల్‌గా ఓర్లాండో పేస్ అప్పటికే ఉన్నాడు, మైక్ మార్ట్జ్ కొత్త కోఆర్డినేటర్‌గా వచ్చాడు, బంతి పట్టుకొని పరిగెత్తే మార్షల్ ఫాక్‌ను ఇండియానాపోలిస్ నుంచి తెచ్చుకున్నారు. పొయ్యి సిద్ధంగా ఉంది, వార్నర్ మంట పెట్టాడు. ఆగస్టులో మనం చూడగలిగింది పొయ్యినే.

ప్రీసీజన్ ఆటల స్కోర్లను మాత్రం అసలు పట్టించుకోవద్దు. 2021 నుంచి అవి మూడే. ప్రధాన క్వార్టర్‌బ్యాక్‌లు వాటిలో కొద్దిసేపే ఆడతారు, చాలామంది అసలు ఆడరు, కోచ్‌లు తమ అసలు ప్లేలను దాచుకుంటారు. నేను వాటిని చూసేది ఒక్క పని మీద: మొదటి వరుస ఐదుగురిలో ఎవరు ఎవరి పక్కన నిలబడుతున్నారో, స్టంట్ వచ్చినప్పుడు ఎవరు వెనక్కి తిరిగి చూస్తున్నారో. వెనక్కి చూశాడంటే తప్పించుకుపోయినవాడు తనవాడా కాదా అని అతనికి అనుమానం ఉందన్నమాట.

ఒకటి నుంచి 32 దాకా వరుసగా పేర్చడం నేను మానేశాను. తొమ్మిదో జట్టుకూ పధ్నాలుగో జట్టుకూ తేడా చెప్పగల ఆధారం ఆగస్టులో ఎవరి దగ్గరా ఉండదు. అందుకే నాలుగు గుంపులు చేసి, ఒక్కొక్క దానిలో ఎనిమిదేసి జట్లను ఉంచుతున్నాను. ప్రతి జట్టు పక్కన ఐదుగురి పేర్లు రాసి, నిరుడు అదే స్థానంలో ఆడినవారి కింద గీత గీస్తాను. మూడుకంటే తక్కువ గీతలుంటే ఎంత పేరున్న క్వార్టర్‌బ్యాక్ ఉన్నా ఆ జట్టును ఒక గుంపు కిందికి దించుతాను. నాలుగు ఆటలయ్యాక ఆ కాగితాన్ని మళ్ళీ తీసి మారుస్తాను, ఎందుకంటే మా అబ్బాయికీ కొత్త టాకిల్‌కూ కుదరడానికి పట్టిన సమయం అంతే. మీరు కూడా మీ జాబితాలోని మొదటి ఎనిమిది జట్లకు ఈ గీతలు గీసి ఇక్కడ పెడితే, ఏ జట్టు దగ్గర మనకు తేడా వస్తుందో పేరు పేరునా మాట్లాడుకోవచ్చు.